తప్పు కోచ్‌దా, క్వార్టర్‌బ్యాక్‌దా: జెట్స్ అభిమానుల దర్శనాలపై ఒక గంభీర పరిశీలన

షడ్దర్శనాలతో తత్వచింతన ముగిసిపోయిందని అనుకునేవాళ్లు ఒకసారి న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్ దాకా రావాలి. అక్కడి మెట్‌లైఫ్ స్టేడియం పార్కింగ్‌లో ఆదివారం పొద్దున్నుంచే ఏడో దర్శనం మీద తీవ్రమైన చర్చ నడుస్తుంటుంది. ఆకుపచ్చ జెర్సీలు వేసుకున్న పండితులు కారు డిక్కీలు తెరిచి, పొయ్యి మీద సాసేజ్‌లు తిప్పుతూ, ఒకే ప్రశ్నతో కుస్తీ పడుతుంటారు. పోయిన వారం ఓడింది కోచ్ వల్లా, క్వార్టర్‌బ్యాక్ వల్లా?

ఈ జట్టు పేరు న్యూయార్క్ జెట్స్. పేరులో ఉన్నది న్యూయార్క్, ఆడేది న్యూజెర్సీలో. అంటే తప్పు చిరునామా దగ్గరే మొదలైంది. దాని మీద మాత్రం ఇంతవరకూ ఏ కోచ్‌నీ పీకలేదు.

అమెరికా ఫుట్‌బాల్ చూడనివారికి రెండు ముక్కలు. ఈ ఆటలో కాలితో పని తక్కువ. బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది. ఎదుటి జట్టులోని భారీకాయులు నలుగురైదుగురు వెంటనే అతని మీదికి దూకుతారు. ఆ రెండు మూడు సెకన్లలోనే బంతి ఎవరికి విసరాలో అతను తేల్చుకోవాలి. ఏ ఎత్తు వేయాలో మైదానం బయట ఉన్న కోచ్‌లు హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా చెవిలో చెబుతారు. కాబట్టి ఏది చెడినా ఇద్దరు ముద్దాయిలు సిద్ధంగా ఉంటారు. చెప్పినవాడు ఒకడు, చేసినవాడు ఒకడు. మూడో ముద్దాయి యజమాని. ఆయన పైన అద్దాల గదిలో కూర్చుని ఉంటారు గనక సమన్లు అందవు.

సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, జెట్స్ గెలిచింది ఒకే ఒక్కసారి, 1969 జనవరి 12న. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఇంకా ఆరు నెలలుంది. అప్పటి క్వార్టర్‌బ్యాక్ జో నేమత్, గెలుపు గ్యారంటీ అని మూడు రోజుల ముందే బాహాటంగా చెప్పాడు. జనం నవ్వారు. బాల్టిమోర్ కోల్ట్స్‌ని 16-7తో ఓడించి చూపించాడు. ఆ గ్యారంటీ గడువు మర్నాడే తీరిపోయిందన్న సంగతి అభిమానులకు ఎవరూ చెప్పలేదు. ఇక ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు అంటారా, 2010 సీజన్ తర్వాత వాటి గడప తొక్కలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఈ లీగ్‌లో ఇంత పొడుగు కరువు ఇప్పుడు ఇంకే జట్టుకూ లేదు.

కరువున్న చోటే వేదాంతం పండుతుంది. నా పరిశీలనలో జెట్స్ అభిమానులు నాలుగు మతాలుగా చీలారు. ద్వైతుల లెక్కలో కోచ్ వేరు, క్వార్టర్‌బ్యాక్ వేరు. ఇద్దరి పాపాలూ విడివిడిగా రాయాలి, ఏ ఆదివారం ఎవరిని తిట్టాలో స్కోరు చూసి నిర్ణయించుకోవాలి. అద్వైతులకు ఈ భేదమంతా మాయ. ఇద్దరూ ఒకటే, ఇద్దర్నీ ఒకే రోజు ఇంటికి పంపాలి. విశిష్టాద్వైతులు కాస్త లోతుగా ఆలోచిస్తారు. కోచ్, క్వార్టర్‌బ్యాక్ ఇద్దరూ యజమాని శరీరంలో భాగాలే అంటారు వాళ్లు. సకలానికీ మూలకారణం ఆయనే, కాబట్టి ఆయనే జట్టు అమ్ముకుని వెళ్లాలి. పార్కింగ్‌లో చివరి వరసలో ఉండేది చార్వాకులు. ప్రత్యక్షమే ప్రమాణమన్నది వీళ్ల సిద్ధాంతం. సాసేజ్ కనబడుతోంది, బీరు కనబడుతోంది, కాబట్టి అవి ఉన్నాయి. ప్లేఆఫ్స్ కనబడలేదు, కాబట్టి అవి లేవు. నాలుగు మతాల్లోనూ ఆరోగ్యంగా ఉన్నది వీళ్లే.

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు కూడా ఈ మతభేదాలు బాగానే అంటుకున్నాయి. 2025 అక్టోబరు 12న జెట్స్ లండన్‌లో డెన్వర్ బ్రాంకోస్‌తో ఆడింది. లండన్ మ్యాచ్ గనక ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నరకే మొదలు. మా వీధిలో ఒకరింట్లో ఇడ్లీ సాంబారుతో సభ జరిగింది. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్. అతను బంతి విసిరి సంపాదించింది 45 గజాలు. ప్రత్యర్థులు అతన్ని తొమ్మిదిసార్లు కింద పడేసి లాక్కున్నది 55 గజాలు. అంటే మ్యాచ్ మొత్తం బంతి విసిరే ప్రయత్నంలో జట్టు నికరంగా 10 గజాలు వెనక్కి నడిచింది. అసలు విసరకుండా నిలబడి ఉంటే 10 గజాలు మిగిలేవి. ఇంత చేసినా ఓడింది 13-11తోనే, అంటే రెండే పాయింట్ల తేడా. శాస్త్రచర్చకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

"చూశావా అబ్బాయ్, వీడికి విసరడమే రాదు," అన్నాడు ఒంగోలాయన.

"ఏందన్నా గట్లంటవ్? తొమ్మిదిసార్లు కింద పడేసిన్రు. పండుకొని ఎట్ల ఇసురుతడు?" అన్నాడు వరంగల్ ఆయన.

"పడేసేదాకా బంతి పట్టుకుని ఉండమన్నదెవరు?"

"కోచే."

"కోచ్ అట్టా చెప్పాడా?"

"ఇడిసిపెట్టుమని చెప్పలేదు గద!"

దీనికి ఖండన ఏ తర్కగ్రంథంలోనూ దొరకదు. సభలో అందరూ సాంబారు గిన్నె వైపు చూశారు.

ఈ దర్శనంలో మొదటి సూత్రం, బెంచి మీద ఉన్నవాడే గొప్పవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్లు ఊరికే అనలేదు. రెండో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు ఏ తప్పూ చేయడు, ఎందుకంటే ఆడడు. 2021 అక్టోబరు 31న మైక్ వైట్ అనే రెండోవాడికి మొదటిసారి మ్యాచ్ మొదలుపెట్టే అవకాశం దక్కింది. 405 గజాలు విసిరి సిన్సినాటిని 34-31తో ఓడించాడు. స్టేడియం మొత్తం లేచి అతని పేరు జపం చేసింది. డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతులో, రెండో ఎంపికగా తెచ్చుకున్న జాక్ విల్సన్‌ని ఆ సాయంత్రమే చాలామంది మనసులోంచి చెరిపేశారు. రెండు వారాలు తిరిగేసరికి అదే వైట్ బఫెలో మీద నాలుగు బంతులు శత్రువుల చేతికి విసిరాడు, జట్టు 45-17తో ఓడింది. అప్పుడు స్టేడియంలో వినబడిన ప్రశ్న, "మూడోవాడు ఎక్కడ?"

మూడోవాడి కోసం వెతుకులాట 2025లో ఫలించింది. నవంబరులో ఫీల్డ్స్‌ని పక్కన పెట్టి, అందరూ కోరినట్టే టైరాడ్ టేలర్‌ని దింపారు. డిసెంబరులో టేలర్‌కి దెబ్బ తగిలింది. అప్పుడు బ్రేడీ కుక్ వచ్చాడు. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ పిలవని కొత్త కుర్రాడు. అతను తడబడుతుంటే నా పక్క సీటులో ఒక పెద్దమనిషి నిట్టూర్చాడు. "ఎంతైనా ఫీల్డ్స్‌లో ఏదో ఉంది." చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. దీన్ని పునర్జన్మ సిద్ధాంతానికి ప్రత్యక్ష సాక్ష్యంగా తీసుకోవచ్చు.

రెండో సూత్రం ఇంకా సూక్ష్మమైనది: గెలుపు కూడా ఓటమే. దీనికి ప్రమాణం 2020 డిసెంబరు 20. అప్పటికి జెట్స్ 13 ఆడి 13 ఓడింది. కోచ్ ఆడమ్ గేస్. ఉద్యోగంలో చేరిన రోజు పత్రికా సమావేశంలో ఆయన కళ్లు గదిలో నాలుగు దిక్కులా తిరిగిన వీడియో దేశమంతా చూసింది. ఆ కళ్లకు ముందే అంతా కనబడిందని ఇప్పుడు నా అభిప్రాయం. అయితే అభిమానులు ఆ 13 ఓటముల్నీ తపస్సులా భరించారు. ఎందుకంటే అందరికన్నా ఆఖరున నిలిచిన జట్టుకే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. ఆ ఏడు మొదటి ఎంపిక అంటే ట్రెవర్ లారెన్స్. మోకాళ్లు దాటే జుట్టు కాదు గానీ భుజాలు దాటే బంగారు జుట్టున్న కాలేజీ మహారథి. ఇంకో మూడు మ్యాచ్‌లు ఓడితే చాలు, వాడు మనవాడే.

ఆ రోజు లాస్ ఏంజెలెస్ వెళ్లి రామ్స్‌ని 23-20తో ఓడించారు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఊహించలేదు. బెట్టింగ్ లెక్కల్లో అయితే రెండు టచ్‌డౌన్ల కన్నా, అంటే పద్నాలుగు పాయింట్ల కన్నా, ఎక్కువ తేడాతో ఓడాలి. పోనీ పొరపాటున ఒక్కటి అనుకుందామంటే మరుసటి వారం క్లీవ్‌లాండ్‌ని కూడా ఓడించారు. మొదటి ఎంపిక జాక్సన్‌విల్‌కి వెళ్లింది, లారెన్స్ కూడా అటే వెళ్లాడు. సీజన్ మొదటి గెలుపు వచ్చిన రాత్రి అభిమానులు గుండెలు బాదుకున్నారు. గెలిచినందుకు కోచ్‌ని తీసేయాలన్న డిమాండ్ నేను విన్నది జీవితంలో అదొక్కసారే. వరంగల్ ఆయన అయితే ఆటగాళ్ల నిబద్ధత మీదే విచారణ కోరాడు. "పైసల్ తీస్కొని గెలుస్తరా?" అన్నది ఆయన ఆవేదన.

అలా చేజారిన మొదటి ఎంపిక బదులు రెండో ఎంపికతో వచ్చినవాడే విల్సన్. 2022 నవంబరులో న్యూ ఇంగ్లండ్ మీద 22 బంతులు విసిరి 77 గజాలు తెచ్చాడు. జెట్స్ డిఫెన్స్ ఎదుటివాళ్లను ఆపీ ఆపీ అలసిపోయింది, చివరి సెకన్లలో 10-3తో ఓడారు. డిఫెన్స్‌ని మీరు నిరాశపరిచారనుకుంటున్నారా అని విలేకరులు అడిగితే, లేదు అన్నాడు. అతని పాసులన్నిటికన్నా దూరం వెళ్లింది ఆ ఒక్క మాటే. డ్రెస్సింగ్ రూమ్ దాకా వెళ్లింది. మరుసటి వారం బెంచి.

సరే, కుర్రాళ్లతో కుదరడం లేదు, పండిన చేయి కావాలని అందరం ఏకగ్రీవంగా కోరాం. యాజమాన్యం వినింది. 2023లో ఆరన్ రాజర్స్ వచ్చాడు. నాలుగుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడు. సెప్టెంబరు 11, సోమవారం రాత్రి, ప్రత్యర్థి బఫెలో. సొరంగంలోంచి అమెరికా జెండా పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. స్టేడియంలో పెద్దపెద్ద మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మొదటి స్నాప్, అంటే బంతి అతని చేతికి రావడం. రెండోది. మూడోది. నాలుగో స్నాప్‌కి లియోనార్డ్ ఫ్లాయిడ్ వచ్చి పడేశాడు. రాజర్స్ లేచి నిలబడ్డాడు, రెండు క్షణాలు చూశాడు, మళ్లీ గడ్డి మీద కూర్చున్నాడు. ఎడమ మడమ దగ్గరి అకిలిస్ స్నాయువు తెగింది. సీజన్ అయిపోయింది.

గడ్డి అన్నాను గానీ అది ప్లాస్టిక్ గడ్డి. ఇక్కడ చర్చ కొత్త మలుపు తీసుకుంది. ద్వైతులు, అద్వైతులు అందరూ ఏకమై తప్పు నేలది అన్నారు. జెట్స్ చరిత్రలో కోచ్‌నీ క్వార్టర్‌బ్యాక్‌నీ ఇద్దర్నీ నిర్దోషులుగా వదిలేసిన తీర్పు ఇదొక్కటే. 2026 ప్రపంచకప్ కోసం ఫిఫా వాళ్లు అదే స్టేడియంలో నిజమైన గడ్డి కావాలన్నారు, ఒప్పించుకున్నారు. సాకర్ ఆటగాళ్ల కాళ్లు కాళ్లే, మరి మనవాళ్లవి?

ఆ రాత్రి ఇంకో వింత జరిగింది. రాజర్స్ పోయాక విల్సనే దిగాడు, జెట్స్ అదనపు సమయంలో 22-16తో గెలిచింది. గెలిపించింది క్వార్టర్‌బ్యాక్ కాదు. బఫెలో తన్నిన బంతిని పట్టుకుని జేవియర్ గిప్సన్ అనే కొత్త కుర్రాడు 65 గజాలు పరిగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్ లేకపోతేనే జెట్స్ బాగా ఆడుతుందన్న శూన్యవాదం ఆ అర్ధరాత్రి పార్కింగ్‌లోనే పుట్టింది. అనుచరులు ఇప్పటికీ ఉన్నారు.

శూన్యవాదానికి బలమైన ఆధారం 2012లోనే దొరికింది. థాంక్స్‌గివింగ్ రాత్రి మార్క్ సాంచెజ్ బంతి పట్టుకుని పరిగెత్తి, తన జట్టు ఆటగాడి పిరుదులకే ఢీకొని బంతి జారవిడిచాడు. న్యూ ఇంగ్లండ్ వాడు దాన్ని ఎత్తుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. ఏళ్లు గడిచినా టీవీలో ఆ ముక్క వస్తే ఒంగోలాయన ఛానల్ మార్చేస్తాడు. ఆ ఘటనలో కోచ్ తప్పేమిటని అడిగితే, "వాడిని అక్కడ నిలబెట్టింది ఎవరు?" అంటాడు. అందులో కొంత న్యాయం ఉందని నాకూ అనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఆటగాళ్లు పనికిరానివాళ్లు అయితేనే చెల్లుతుంది. చిక్కల్లా వాళ్లు ఇక్కడి నుంచి బయటపడ్డాకే వస్తుంది. జీనో స్మిత్ సంగతి చూడండి. 2015లో 600 డాలర్ల బాకీ గొడవలో సొంత జట్టువాడు కొట్టిన దెబ్బకు దవడ విరిగి జెట్స్‌లో చోటు పోగొట్టుకున్నాడు. సియాటిల్ వెళ్లి 2022లో ఆ ఏటి మేటి పునరాగమన ఆటగాడయ్యాడు. శామ్ డార్నల్డ్ 2018లో మూడో ఎంపిక. 2019లో ఒక సోమవారం రాత్రి న్యూ ఇంగ్లండ్ చేతిలో 33-0తో చితికిపోతూ, దెయ్యాలు కనబడుతున్నాయన్నాడు. ఒంటికి మైకు తగిలించి ఉందని పాపం గుర్తులేదు. దేశమంతా విన్నది. మనూళ్లో అయితే మర్నాడే తాయెత్తు కట్టించేవాళ్లు. జెట్స్ వాళ్లు ఇంకో ఏడాదిన్నర చూసి కరోలైనాకి పంపేశారు. 2024లో అదే డార్నల్డ్ మిన్నెసోటా తరఫున 14 మ్యాచ్‌లు గెలిచాడు. 2026 ఫిబ్రవరిలో సియాటిల్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ అతనే. కనబడ్డ దెయ్యాలు అతని వెంట వెళ్లలేదు, స్టేడియంలోనే ఉండిపోయాయి.

కోచ్‌ల కథ కూడా అంతే. 2000 జనవరిలో బిల్ బెలిచిక్ జెట్స్ హెడ్ కోచ్‌గా ఒక్క రోజు ఉండి, చిన్న కాగితం మీద రాజీనామా రాసిచ్చి న్యూ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. అక్కడ ఆరు సూపర్ బౌల్స్. మా దర్శనంలో జీవన్ముక్తుడంటే ఆయనే.

అంటే చర్చ తేలాలంటే ఇద్దరిలో ఒకరిని అలాగే ఉంచి, రెండోవాడిని మార్చి చూడాలి. ఈ ప్రమాదాన్ని యాజమాన్యం ముందే పసిగట్టింది. రాబర్ట్ సాలే, విల్సన్ ఒకే ఏడాది వచ్చారు. 2024లో లండన్‌లో మిన్నెసోటా చేతిలో ఓడగానే, అదీ డార్నల్డ్ చేతిలో, అయిదు మ్యాచ్‌లకే సాలేని తీసేశారు. సీజన్ కాగానే రాజర్స్‌ని పంపేశారు. కొత్త కోచ్ ఆరన్ గ్లెన్, కొత్త క్వార్టర్‌బ్యాక్ ఫీల్డ్స్ మళ్లీ కలిసే వచ్చారు. ఎవరి తప్పో ఎప్పటికీ రుజువు కాకుండా ఇంత జాగ్రత్తగా నడిచే సంస్థ ఇంకొకటి నాకు తెలియదు. దీని వెనుక అజాగ్రత్త ఉందని కొందరు ఆరోపిస్తారు. ఇంత క్రమం తప్పకుండా జరిగేదాన్ని అజాగ్రత్త అనడం భావ్యం కాదు.

యజమాని ఉడీ జాన్సన్ 2000లో 63.5 కోట్ల డాలర్లకు ఈ జట్టు కొన్నారు. మన ఇళ్లలో పసిపిల్లలకు స్నానం చేయించి పూసే పౌడర్ ఉంది చూశారూ, ఆ జాన్సన్ అండ్ జాన్సన్ వంశం. అభిమానులు ఇన్నేళ్లుగా పసిపిల్లల్లా ఏడవడానికి, దీనికి సంబంధం ఉందని నేననను. 2025లో జట్టు వరసగా ఏడు ఓడాక ఆయన విలేకరుల ముందుకొచ్చి తన మతం ప్రకటించారు. ఒక్క పాస్ పూర్తి చేయగలిగితే బాగుంటుందన్న ధోరణిలో మాట్లాడారు, కోచ్‌ని వెనకేసుకొచ్చారు. అంటే ద్వైతి. నాలుగు కోట్ల డాలర్ల ఒప్పందంతో ఆ క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్న సంస్థ ఎవరిదో ఆ సమావేశంలో ప్రస్తావనకు రాలేదు.

అయిదు రోజులకే జెట్స్ సిన్సినాటిలో 39-38తో గెలిచింది. సీజన్‌లో మొదటి గెలుపు. ఒంగోలాయన ఫోన్ చేసి, "చూశావా, వాడే గెలిపించాడు," అన్నాడు. గెలుపు పాస్ విసిరింది ఫీల్డ్స్ కాదు. పరిగెత్తడానికి జీతం తీసుకునే బ్రీస్ హాల్ విసిరాడు. ఓడిన సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో. అతనూ ఒకప్పుడు జెట్సే.

సీజన్ 3-14తో ముగిసింది. మధ్యలో సాస్ గార్డ్‌నర్‌ని, క్విన్నెన్ విలియమ్స్‌ని వేరే జట్లకు ఇచ్చేశారు. జట్టులో బాగా ఆడేవాళ్లుంటే తప్పెవరిదో తేల్చడం ఇంకా కష్టమవుతుంది, అందుకని కాబోలు. బదులుగా వచ్చినవి కలుపుకుని 2027 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే మూడు ఎంపికలు జెట్స్ చేతిలో ఉన్నాయి. మా వీధిలో సభ మళ్లీ మొదలైంది. 2027లో రాబోయే కుర్రాడిని మొదటి మ్యాచ్ నుంచే ఆడించాలని వరంగల్ ఆయన, ఎన్నో వారానికి బెంచి మీద కూర్చోబెట్టాలో ఒంగోలాయన, ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ కుర్రాడు ఎవరో ఇద్దరికీ ఇంకా తెలియదు.